తంతి మార్చినను నాదము నిలుచునా?

లోకమునందలి వస్తువులలో అరుగుటకు ఏర్పడినవి కొన్ని, నిలుచుటకు ఏర్పడినవి కొన్ని. గోడ నిలుచును, దానిపై సున్నము రాలును. దీపపు సెమ్మె నిలుచును, వత్తి కాలును. ఏటేట పండుగకు వెల్ల వేయించినందున తన యిల్లు మారిపోయినదని ఏ గృహస్థుడును విచారింపడు. బొబ్బిలి దాపున గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేయు వీణ మూడు తరములు మోగును. దాని తంతులను మాత్రము మరల మరల మార్చుచునే యుండవలెను. ‘ఇది తాతగారి వీణ’ అని మనము చెప్పుకొనునప్పుడు తాతగారు మీటిన తంతులు దానిపై లేవని మనకు తెలియును. తెలిసియు ఆ మాట అబద్ధమని తోచదు. కాని మనము విన్న నాదము కొయ్యది మాత్రమే కాదు గదా! తంతి లేని వీణ కొలువులోని బొమ్మతో సమానము. కనుక మారిపోవుదాని యందు నాదము పుట్టుచున్నది. మారని దానియందు తాతగారి పేరు నిలుచుచున్నది. ఈ రెండింటిలో మనము దేనికి విధేయులమై యుండవలెను? ఈ చిక్కును గూర్చి నాలుగు మాటలు చెప్పుట యీ వ్యాసమున మా ఉద్దేశము.

ఈ ప్రశ్న మాకు గ్రంథములలో తారసపడినది కాదు. వడపళనిలో మా మిత్రుని యింట ఒక పాత సెల్లో ఎదుట కూర్చుండి యుండగా పుట్టినది. సెల్లో ఫిడేలు జాతిలోనిదే, ఆకారమున పెద్దది. వాయించువారు కుర్చీపై కూర్చుండి, దానిని మోకాళ్ల నడుమ నిలిపి, కమానుతో వాయింతురు. దాని నాదము మనుష్య కంఠమునకు, అందును నిండు వయసు మగవాని కంఠమునకు, మిక్కిలి దగ్గర. మన కచేరీలలో అది అరుదు గాని ఈ నగరమునకు అది కొత్తది కాదు. తెలుగు చలనచిత్రములు చెన్నపట్నముననే తయారగుచు, వాహినీ, జెమినీ స్టూడియోల వాకిళ్లు తెలుగు మాటలతో నిండియుండిన దినములలో, సినిమా వాద్యబృందములందు ఫిడేళ్ల వెనుక వరుసలో సెల్లోలు నుండెడివి. పాట వినినవారికి ఫిడేలు గుర్తుండును, వేణువు గుర్తుండును; అడుగున పరచిన చాప వలె ఉండు సెల్లో ఎవరికిని గుర్తుండదు. ఐనను దానిని తీసివేసినచో పాట నేలపై కూర్చున్నట్లు తోచును.

మా మిత్రుని తండ్రిగారు విజయనగరము నుండి ఫిడేలు చేతబట్టుకొని మదరాసు వచ్చినవారు. ఇచట ఫిడేలు వాయించువారు పదుగురు కనబడిరి గాని సెల్లో వాయించువారు కరవుగా నుండిరట. ఆయన అప్పు చేసి ఒక సెల్లోను కొని, ఆరునెలలు రాత్రింబవళ్లు సాధన చేసి, పిమ్మట ముప్పది యేండ్లు దాని మీదనే సంసారము నీదుకొని వచ్చిరి. 1990 దశకమున కీబోర్డు అను ఒక్క పెట్టె ఇరువదిమంది వాద్యకుల పని చేయ మొదలిడినది. తెలుగు చిత్రపరిశ్రమ అంతకు మునుపటినుండియే హైదరాబాదునకు తరలుచుండెను. పెద్దాయన వాద్యమునకు గవిసెన తొడిగి మూలను నిలిపినారు. కొన్నాళ్లకు కాలము చేసినారు. గవిసెన మరల విప్పబడలేదు.

ఇప్పుడాయన మనుమరాలు, పదమూడేండ్ల పిల్ల, పాఠశాలలో కమాను పట్టుట నేర్చి, తనకు తాతగారి సెల్లోయే కావలెనని పట్టుబట్టినది. విప్పి చూడగా కొయ్య చెక్కుచెదరలేదు. తంతులు మాత్రము సముద్రపు గాలికి తుప్పుపట్టి నల్లబారినవి. ఒకటి తెగి వ్రేలాడుచున్నది. కొత్తవి వేయక తప్పదు. కాని ఏ తంతులు? ఈ ప్రశ్నకు ఆ యింటిలో మూడు సమాధానములు పుట్టి, ముగ్గురు మూడు వైపుల నిలిచినారు. మాకు ఫిడేలుతో కొంత పరిచయము గలదని మమ్ము మధ్యవర్తిగా పిలిచినారు. మధ్యవర్తిత్వము మాటకేమి గాని, అచట మేము నేర్చుకొన్నదే ఎక్కువ.

తంతిని గూర్చి కొంత తెలిసికొననిదే వారి వాదములు బోధపడవు. తంతి పలుకు స్థాయి దాని పొడవును, బిగువును, బరువును బట్టి యుండునని మెర్సేన్ అను ఫ్రెంచి పండితుడు 1636లో లెక్క కట్టి ప్రకటించినాడు. సెల్లోలో నాలుగు తంతులకును పొడవు ఒక్కటే, సుమారు 69 సెంటీమీటర్లు. పై తంతి సెకనుకు 220 మారులు కంపించును. అడుగు తంతి 65 మారులు మాత్రమే. పొడవు ఒక్కటే యైనప్పుడు అడుగు తంతిని వదులు చేయవలెను, లేదా బరువు చేయవలెను. వదులు చేసినచో పలుకు చెడును. అందుచేత బరువు చేయుదురు. పూర్వము గొర్రె ప్రేగును పేని తంతులు చేయుచుండిరి. అడుగు తంతికై లావుపాటి ప్రేగుతాడు వేయగా అది మొద్దుబారి పలికెడిది. 17వ శతాబ్ది ఉత్తరార్ధమున సన్నని ప్రేగు తంతిపై లోహపు తీగను చుట్టు ఉపాయము దొరకినది. అప్పుడు తంతి సన్నముగనే యుండి బరువెక్కినది. వాద్యమును సైతము చిన్నది చేసికొనుటకు వీలు కలిగినది. ఆ మీదట 20వ శతాబ్దిలో ప్రేగునకు బదులు ఉక్కు వచ్చినది; దానిపై వెండి, క్రోమియము, టంగ్‌స్టన్ చుట్టుట వచ్చినది. ఈనాడు వియన్నాలో, జర్మనీలో, డెన్మార్కులో ఈ తంతులను చేయు ప్రసిద్ధ సంస్థలున్నవి. మేలురకపు తంతులు నాలుగింటి వెల 20,000 రూపాయలు దాటుటయు కలదు. కనుక మా మిత్రుని యింటి వివాదము ఊరక కాలక్షేపమునకు చేసినది కాదు.

మిత్రుని పక్షము ఇది: ‘మా నాన్నగారు ఏ రకము వాడిరో ఆ రకమే వేయవలెను. లేనిచో అది ఆయన సెల్లో యగుట యెట్లు?’ మిత్రుని తమ్ముడు యూరపు సంగీతమును శ్రద్ధతో వినువాడు. అతని పక్షము: ‘మూలమునకు పోవలసి వచ్చినప్పుడు నాన్నగారి దగ్గరనే ఆగుటయేల? ఈ వాద్యమునకు సహజమైనది ప్రేగు తంతి. ఉక్కు నిన్న మొన్నటిది.’ ఇక పిల్ల పక్షము ఒక్క ముక్కలో తేలినది: ‘తాతగారి తీగలు నా వేళ్లు కోస్తున్నాయి. మా టీచర్ చెప్పినవి మెత్తగా ఉంటాయి.’ పెద్దావిడ మాత్రము ఏమియు పలుకలేదు. కళ్లజోడు తుడుచుకొనుచు అందరి మాటలును వినుచుండినది.

తమ్ముని వాదము వినుటకు సొంపైనదే. కాని దానిలో రెండు చిక్కులున్నవి. మొదటిది ఈ ఊరి గాలి. ప్రేగు తంతి తేమను త్రాగును. కార్తిక మాసపు వానలలో ఉబ్బి శ్రుతి తప్పును. చల్లని యంత్రపు గదిలోనికి పోగానే ఎండి మరల తప్పును. రెండవది ఇంటి ఇల్లాలి అభ్యంతరము. మాంసము ముట్టని యింటిలో గొర్రె ప్రేగా యని ఆమె నివ్వెరపోయినది. అప్పుడామెకు మేమొక మాట చెప్పవలసి వచ్చినది. కమానుకు కట్టినవి గుర్రపు వెండ్రుకలు. మన మృదంగమునకు మూసినవి పశువుల చర్మములు. ఆ చర్మములను తెచ్చి, పదును చేసి, మూసి, మోగించి యిచ్చువారి బ్రతుకులను గూర్చి టి. ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అను గ్రంథమునే వ్రాసినారు. సభలో ముందు వరుసను కూర్చుండి తల యూపువారికి ఆ చేతులు కనబడవు. నాదము శుద్ధమైనదే కావచ్చును. దానిని పుట్టించు వస్తువు మాత్రము ఎవరి ప్రాణమునకో, ఎవరి శ్రమకో ఋణపడియున్నది. ఆ ఋణమును తెలిసికొని వాయించుట ఒక యెత్తు. తెలియనట్లు నటించుచు మడి పాటించుట మరియొక యెత్తు. ఇల్లాలు కొంత సేపు ఊరకుండి, ‘తెలియక వాడేది వేరు, తెలిసి కొత్తగా కొని తెచ్చేది వేరు కదండీ’ అన్నది. ఆ మాటను మేము కాదనలేకపోతిమి.

కాని తమ్ముని వాదమునకు వేరొక సమాధానము గలదు. ఆ సెల్లో ఆ యింటికి వచ్చిన నాటి నుండి ఉక్కు తంతులనే మోసినది. పెద్దాయన చెవి ఉక్కు నాదమునకే అలవడినది. ఆయనను దాటి వెనుకకు పోయి, ఆయన ఎరుగని ప్రాచీనతను ఆయన వాద్యమునకు కట్టుట భక్తి కాదు, ప్రదర్శనము. ప్రాచీనమైనంత మాత్రమున ఒక వస్తువు మనదై పోదు. మన పెద్దలు దేనిని ప్రేమించిరో తెలిసికొనకుండ, వారి పేరు చెప్పి వారికంటె పూర్వులను పూజించువారు నేడు అనేకులు గలరు.

ఇక మిత్రుని వాదము. పడవను గూర్చిన ప్రాచీన గ్రీకు ప్రశ్న విజ్ఞులెరిగినదే. ఏథెన్సు ప్రజలు థీసియసు ఎక్కి వచ్చిన ఓడను భద్రపరచి, పుచ్చిన పలక నెల్ల తీసి కొత్త పలక వేయుచు వచ్చిరట. పలకలన్నియు మారిన పిమ్మట అది ఆ ఓడయేనా యని తార్కికులు తగవులాడినట్లు ప్లూటార్కు వ్రాసినాడు. మన దేశమున నాగసేనుడు మిళింద రాజునకు రథమును చూపి ఇట్టి ప్రశ్నయే వేసెను. ఇరుసు రథమా? చక్రము రథమా? కాడి రథమా? ఏదియు కాదు; అన్నియు ఒక తీరున కూడినప్పుడు రథమను పేరు. ఈ రెండు దృష్టాంతములును వస్తువును గూర్చినవి. సంగీత వాద్యమున అంతకంటె సూక్ష్మమైన విషయమున్నది. ఓడ రేవులో కదలక యుండినను ఓడయే. వాద్యము మోగనిదే వాద్యము కాదు. అందుచేత ‘ఇది అదేనా?’ యని అడుగుటకంటె ‘ఇది ఇంకను ఆ పని చేయుచున్నదా?’ యని అడుగుట ఉచితము.

ఇచట ఒక అపాయమును గూర్చి చెప్పవలెను. వివాదము తెగకమునుపే మిత్రుడు వాద్యమును శుభ్రము చేయుటకై ఒక పనివాని కిచ్చినాడు. అతడు వేగిరపడి, పాత తంతులు ఎట్లును పనికిరావుగదా యని, నాలుగింటిని ఒక్కమారే విప్పివేసినాడు. గుర్రము పడిపోయినది. లోపల ఏదియో దొర్లిన చప్పుడైనది. వాద్యమును ఇటు వంచిన ఇటు, అటు వంచిన అటు ఒక కొయ్యముక్క దొర్లసాగినది.

ఆ కొయ్యముక్క సామాన్యమైనది కాదు. ఫిడేలు జాతి వాద్యముల పొట్టలో, గుర్రపు ఒక కాలి దాపున, పైపలకకును అడుగుపలకకును నడుమ ఒక చిన్న గుండ్రని కఱ్ఱ నిలిపియుండును. పైపలక అదురును అడుగుపలకకు చేర్చునది అదియే. దానిని సరస వేసి అతికింపరు, మేకు కొట్టరు. తంతుల బిగువు గుర్రమును నొక్కగా, ఆ నొక్కుడు చేతనే అది నిలుచును. నాలుగు తంతుల బిగువు కలిసి నిలువెత్తు మనిషి బరువునకు దగ్గరగా నుండును. ఫ్రెంచివారును ఇటలీవారును ఆ కఱ్ఱకు పెట్టిన పేరు ‘ఆత్మ’. మన తంబురకు గుర్రముపై తంతి క్రింద సన్నని దారపు పోగునుంచి, దానిని ‘జీవా’ యందుము. జీవా జరిగినచో తంబుర మూగవోవును. వేలామడల దూరమున నున్న రెండు జాతులవారు, ఒకరి మాట ఒకరు వినకయే, కంటికి కనబడని చిన్న వస్తువునకు ప్రాణమని పేరు పెట్టుట మాకు ఆశ్చర్యముగనే తోచును.

తంతులు మార్చువారు నేర్చుకొను మొదటి పాఠము కూడ ఇదియే: ఒక్కొక్క తంతినే మార్చవలెను. ఒకటి విప్పి, దాని స్థానమున కొత్తది బిగించి, శ్రుతికి తెచ్చిన మీదటనే రెండవదానిపై చేయి వేయవలెను. నాలుగు తంతులును మారవలసినవే కావచ్చును. మార్చుటలో దోషము లేదు. ఒక్కమారే మార్చుటలో దోషమున్నది. ఏలయనగా అప్పుడు ఆత్మను నిలుపునది ఏదియు మిగులదు.

ఒక తార్కికుడు ఇట్లనవచ్చును: ‘ఒక్కమారు మార్చినను, ఒక్కొక్కటిగా మార్చినను, తుదకు పాతది ఒక్కటియు మిగులలేదు గదా! నీవు చెప్పునది మెల్లమెల్లగా మరచుట. అతడు చేసినది వెంటనే మరచుట. ఇంతే భేదము.’ ఈ ఆక్షేపణ బలమైనది. దీనిని తప్పించుకొని పోరాదు. మా సమాధానమిది. కొత్త తంతిని శ్రుతి చేయువాడు దానిని ఒంటిగా మీటడు. ప్రక్కనున్న తంతితో కలిపి కమాను వేసి, రెండింటి నడుమ పంచమము కుదురు వరకు బిరడను త్రిప్పును. అనగా కొత్త తంతికి శ్రుతి నేర్పునది ప్రక్కనున్న పాత తంతి. అది రెండవదానికి నేర్పును. తుదిదాని వంతు వచ్చునాటికి మొదటిది తానే పాతదై యుండును. ఈ తీరున మారిన నాలుగు తంతులలో పాత లోహము రవ్వంతయు లేకపోవచ్చును; పాత సంబంధము మాత్రము తెగలేదు. ఒక్కమారే విప్పినచో కొత్త తంతి ఎవరిని అడుగును? నేడు చేతిలోని ఫోను స్థాయిని అంకెలలో చూపును, నిజమే. అంకె తప్పు చెప్పదు. కాని ఆ యింటిలో ఆ వాద్యము ఎట్లు పలికెడిదో అంకెకు తెలియదు.

ఈ నగర చరిత్రమే దీనికి సాక్ష్యము. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మణలి మొదలియార్ల ఆశ్రయమున నుండి యూరపువారి వద్ద ఫిడేలు నేర్చినాడు. వాద్యము పరదేశపుది; కొయ్య వారిది, కమాను వారిది. మనవారు కుర్చీ విడిచి నేలపై కూర్చుండి, దాని తలను కాలిపై ఆనించి, తంతులను షడ్జ పంచమములుగా శ్రుతి చేసికొనిరి. ఏదియు విరువలేదు, ఒక్కొక్కటిగా సవరించుకొనిరి. నూరేండ్లు తిరిగినంతనే అది లేక గాత్ర కచేరీ లేదన్న స్థితి వచ్చినది. ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893–1964) దానిని ప్రక్కవాద్యపు చాప మీదినుండి లేపి సభ నడుమ ఒంటిగా కూర్చుండబెట్టినారు. 1936లో విజయనగర సంగీత కళాశాలకు అధ్యక్షులై, 1941లో సంగీత కళానిధి బిరుదమందిన ఆ మహనీయుని చేతిలో ఫిడేలు పరదేశపు వాద్యమని ఎవరికి తోచును?

త్యాగరాజస్వామి (1767–1847) కృతుల కథయు ఇట్టిదే. తమిళదేశమున కావేరి ఒడ్డున కూర్చుండి ఆయన తెలుగున పాడినాడు. ఆ కృతులను వ్రాసి భద్రపరచిన ముఖ్య శిష్యులలో వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రులు. ఈనాడు మార్గశీర్షమున ఈ నగరపు సభలలో ఆ కృతులను పాడువారిలో తెలుగు మాతృభాష కానివారే హెచ్చు. పదము విరిచినచోట మనలో కొందరు నొసలు ముడుతురు. కాని ఒక్కమారు ఆలోచింపుడు. మన తంతులు మన యిండ్లలో తుప్పుపట్టుచుండగా, ప్రక్కింటివారు తమ వాద్యముపై ఆ తంతిని బిగించి శ్రుతి తప్పకుండ కాపాడుచున్నారు. వారికి మనము కృతజ్ఞులమై యుండుట న్యాయము.

మన కుటుంబములలో భాష పరిస్థితియు ఈ సెల్లో వంటిదే యని మాకు ఆ దినమున తోచినది. మన పిల్లలు పాఠశాలలో తమిళమును ఆంగ్లమును చదువుదురు. వీధిలో తమిళము మాటాడుదురు. ఇంటిలో మాత్రమే తెలుగు. వారి తెలుగులో తాతల నాటి మాటలు కొన్ని తెగినవి. ఆ చోట తమిళపు మాటలు వచ్చి చేరినవి. దీనికై కొందరు గుండెలు బాదుకొందురు. కొందరు ‘పోయిననేమి, అన్ని భాషలును ఒక్కటే’ యందురు. మొదటివారు తుప్పుపట్టిన తంతిని పిల్లల వేళ్లకు అంటగట్టుచున్నారు. రెండవవారు నాలుగు తంతులను ఒక్కమారే విప్పుచున్నారు. ఒక మాట పోయి వేరొక మాట వచ్చుట ప్రాణాపాయము కాదు. కొత్త మాట పలుకునాటికి దాని ప్రక్కన శ్రుతి కలిపి చెప్పుటకు ఇంటిలో ఒక పెద్ద గొంతు ఉన్నదా లేదా యనునదే అసలు ప్రశ్న. బువ్వ పెట్టుచు చెప్పిన కథ, పెండ్లిలో విన్న వియ్యపురాలి వేళాకోళము, దెబ్బ తగిలినప్పుడు నోట వచ్చిన ‘అమ్మా’ అను కేక — ఇవి కంటికి కనబడని ఆ చిన్న కఱ్ఱ వంటివి. వాటిని ఎవరును అతికింపలేరు. రోజువారీ మాటల బిగువు చేతనే అవి నిలుచును.

బిగువును గూర్చియు ఒక మాట. సోణుడను భిక్షువు పూర్వాశ్రమమున వీణ వాయించినవాడు. సాధన మితిమీరి పాదములు నెత్తురు కారగా అతడు నిరాశపడినాడు. బుద్ధుడు అతనిని వీణతంతిని గూర్చియే అడిగెను: మిక్కిలి బిగించిన పలుకునా? మిక్కిలి వదలిన పలుకునా? రెండును కాదని సోణుడే ఒప్పుకొనెను. పిల్ల వేళ్లు కోసుకొనుచున్నవన్న మాటను మేము అల్లరిగా త్రోసివేయకుండుటకు ఈ కథ కారణము. ముప్పదియేండ్లు వాయించిన చేతికి తగిన బిగువు పదమూడేండ్ల చేతికి తగదు. వాద్యము తాతగారిదే, వేళ్లు ఆమెవి. రేపటినుండి దినదినము దానిని మోయవలసినది ఆమె. తంతిని ఎన్నుకొను హక్కులో పెద్దపాలు మోయువారిదే యని మా నిశ్చయము.

తుదకు జరిగినది చెప్పెదము. అనుభవజ్ఞుడైన ఒక వృద్ధ శిల్పి పొట్టలోని కఱ్ఱను వంకర సూదితో మరల నిలిపినాడు. పై రెండు తంతులు పిల్ల కోరిన మెత్తనివి. మూడవది మిత్రుడు కోరిన పాత రకమునకు చెందినది. ఈ రీతిగా ఒక సంస్థవి కొన్ని, వేరొక సంస్థవి కొన్ని కలిపి వేయుట సెల్లో వాద్యకులలో వాడుకయే. నాలుగవ తంతి దగ్గరకు వచ్చునప్పటికి పెద్దావిడ లేచి లోపలికి పోయి ఒక పాత బిస్కత్తు డబ్బా తెచ్చినది. అందులో కాగితపు సంచిలో చుట్టచుట్టిన అడుగు తంతి ఒకటి, వాడనిది, ఉన్నది. ఆయన కొనిపెట్టుకొని వేయకుండగనే పోయినది. ‘ఇదొక్కటి వెయ్యండి నాయనా’ అన్నది. ఎవరును కాదనలేదు.

ఆ రాత్రి ఆ తంతి పలికినప్పుడు ఆమె కన్నులు మూసికొన్నది. రెండు దినములు బాగుగనే యుండినది. మూడవనాడు కమాను వేయగనే జుయ్యిమని ఒక చెడు చప్పుడు బయలుదేరినది. ముప్పది యేండ్లు డబ్బాలో నుండుటచే పైచుట్టు లోపలి ఉక్కును విడిచి వదులైనది. బిగించిన కొలది చప్పుడు హెచ్చినది. పెద్దావిడకు ఎవరు చెప్పవలెను? మిత్రుడు వద్దన్నాడు, ఆమె వినునప్పుడు ఆ తంతి ముట్టకుండ వాయించుమని కూతురికి బోధించినాడు. జాలి చేత చెప్పు అబద్ధములలో ఇది మిక్కిలి చిన్నది. ఐనను పిల్ల ఒప్పుకొనలేదు. పోయి నాయనమ్మ ప్రక్కన కూర్చుండి, ‘నాయనమ్మా, తాతగారి తీగ పాడైపోయింది’ అని చెప్పివేసినది.

ఆమె మనుమరాలి తల నిమిరి, ‘నాకు నిన్ననే వినబడిందే తల్లీ! నువ్వు ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నాను. మీ తాతగారే ఉంటే మొదటి జుయ్యికే తీసి అవతల పారేసేవారు. శ్రుతి తప్పిన తీగతో ఆయన ఏనాడూ గుమ్మం దాటి ఎరగరు’ అన్నది.

మేము గంటల తరబడి తర్కించి చేరలేని చోటికి ఆమె రెండు మాటలలో చేరినది. ఆయన తంతిని నిలుపుట ఆయనకు విధేయత కాదు. శ్రుతి చెడిన తంతిని తీసివేయగల ఆయన నిర్మోహమును నిలుపుట విధేయత. పెద్దల వద్దనుండి మనకు వచ్చు ఆస్తిలో వస్తువులు ఒక భాగము. ఏ వస్తువును ఎప్పుడు విడువవలెనో తెలిసిన చెవి రెండవ భాగము. మొదటిది డబ్బాలో దాచవచ్చును. రెండవది వినుచు వినుచు నేర్వవలసినదే.

పాత తంతిని ఆమె చుట్టచుట్టి మరల డబ్బాలో పెట్టుకొన్నది. పిల్ల కొత్తది బిగించి, ప్రక్క తంతితో కలిపి కమాను వేసి, చెవి వాద్యమునకు ఆనించి, పంచమము కుదురువరకు బిరడను త్రిప్పుచు కూర్చున్నది. కొత్త తంతి కొన్నాళ్లు సాగుచునే యుండును. దినమునకు పదిమార్లు శ్రుతి తప్పును. వంటింటి నుండి పెద్దావిడ, ‘ఇంకా తక్కువే ఉంది, కొంచెం పైకి!’ అని కేకవేయుచునే యున్నది. ఆ కేక వినబడు యిండ్లు ఈ నగరమున మన వారిలో ఇంకను అనేకములు గలవు. అవి అట్లే యుండుగాక యని మా కోరిక.